మూడుసార్లు గర్భం పోయింది, పరీక్షలన్నీ అక్కకే, బావకి ఒక్కటీ లేదు

పల్నాడు_కుర్రోడు
మా అక్కకి పెళ్ళై ఐదేళ్ళు. మూడుసార్లు కడుపు వచ్చింది, మూడూ మూడో నెల నిండకుండానే పోయాయి. మొదటిసారి బ్లీడింగ్ అయి పోయింది, తర్వాత రెండుసార్లు స్కాన్‌లో హార్ట్ బీట్ లేదని క్లీన్ చేశారు. థైరాయిడ్, షుగర్, గర్భసంచి స్కాన్, ఇన్ఫెక్షన్ల కోసం చేసే టార్చ్ టెస్ట్, ఇంకా పేర్లు కూడా గుర్తులేని రక్త పరీక్షలు, అన్నీ అక్కకే. ఫైలు లావు చూస్తేనే భయం వేస్తుంది. బావకి ఇంతవరకు ఎవరూ ఒక్క పరీక్ష రాయలేదు, రాసినా చేయించుకునేలా లేడు. "లోపం నాలో ఉంటే అసలు కడుపే రాదు కదరా, వస్తోందిగా, నిలుపుకోలేకపోతోంది మీ అక్క" అంటాడు. ఒళ్ళు మండింది కానీ ఏం చెప్పాలో తోచలేదు, వినడానికి లాజిక్ కరెక్ట్‌గానే ఉంది మరి. నిజంగా మగవాడి వైపు నుంచి కూడా అబార్షన్లు అవుతాయా? అయితే ఆయన దగ్గర ఈ మాట ఎవరు ఎత్తాలి, ఎలా ఎత్తాలి?

మిర్చిబజ్జీ
బాగు కోరేవాడు బావమరిది అని ఊరికే అన్నారా. కానీ బావ చేతికి డబ్బా ఇచ్చి ల్యాబ్ బాత్‌రూమ్‌కి పంపించే బావమరిదిని మాత్రం ఇప్పుడే చూస్తున్నా.

స్వాతి_ఖమ్మం
అవుతాయి. మా ఇంట్లో అయ్యాయి. మా ఆయన కూడా అచ్చం ఇదే మాట అనేవారు, కడుపు వస్తోందిగా అని. మూడోది పోయాక డాక్టర్ మార్చాం, ఆవిడ ఫైలు తిరగేసి ముందు అడిగిన ప్రశ్న "మీ వారి కాగితాలేవి?" అని. కారియోటైప్ పరీక్షకి, అంటే క్రోమోజోములు చూసే పరీక్షకి, ఇద్దరి దగ్గరా రక్తం తీశారు. నాది మామూలుగా వచ్చింది. ఆయనకి రెండు క్రోమోజోముల చివరి ముక్కలు ఒకదాని చోట ఇంకొకటి అతుక్కుని ఉన్నాయట, బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. ఆయనకి ఏ జబ్బూ లేదు, వీర్యకణాల కౌంట్ బ్రహ్మాండం, ఎందుకంటే ఆయన ఒంట్లో ఉండాల్సిందంతా ఉంది, చోటు మారిందంతే. వీర్యకణంలోకి సగం సగం పంచుకునేటప్పుడే ఒక్కోసారి ఒక ముక్క ఎక్కువ, ఇంకో ముక్క తక్కువ వెళ్తుంది. అలాంటి పిండం కొన్ని వారాలు పెరిగి ఆగిపోతుంది.

ఆ రిపోర్ట్ రాకముందు మా అత్తగారు నన్ను ఎన్ని గుళ్ళు తిప్పారో, ఎన్ని చెట్లకి ఉయ్యాలలు కట్టించారో. వచ్చాక అబ్బాయిని ఒక్క చెట్టు దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు.

మిర్చిబజ్జీ
స్వాతి గారూ, ఆ చివరి లైన్‌కి దండం.

నానిగాడు
ఇదంతా హైదరాబాద్ క్లినిక్‌ల దందా. ఒకసారి లోపలికి అడుగు పెడితే మొగుడికి ఐదు టెస్టులు, పెళ్ళానికి పదిహేను. మా కజిన్‌కి కౌంట్, కదలిక అన్నీ నార్మల్ వచ్చాక కూడా ఇంకేదో డీఎన్‌ఏ పరీక్ష అని వేలు గుంజారు. నార్మల్ అంటే నార్మలే కదా, అక్కడితో ఆపాలి.

ల్యాబ్_రాజు
నాని గారూ, ఆ "నార్మల్" ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తా, రోజూ ఆ రిపోర్టులు టైప్ చేసేది నేనే. డబ్ల్యూహెచ్‌ఓ 2021 మాన్యువల్ ప్రకారం కింది హద్దులు: మిల్లీలీటర్‌కి 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, ముందుకి ఈదేవి 30 శాతం, ఆకారం బాగున్నవి 4 శాతం. అవును, నాలుగే. ఆకారం 5 శాతం అని చూసి ఏడుపు ముఖం పెట్టుకుని వచ్చేవాళ్ళు వారానికి ఒకరైనా ఉంటారు, అది బాగున్నట్టే అని నచ్చజెప్పడం నా డ్యూటీలో భాగం అయిపోయింది. ఏడాదిలోపు భార్యకి గర్భం వచ్చిన మగవాళ్ళ కొలతలు తీసుకుని, వాళ్ళలో అట్టడుగు 5 శాతం దగ్గర గీత గీశారు. అంటే అది గర్భం రావడానికి సంబంధించిన గీత. వచ్చిన గర్భం నిలుస్తుందా అనేది ఆ కాగితంలో లేదు. మైక్రోస్కోప్‌లో కణం తోక ఊపడం కనిపిస్తుంది, తల లోపల డీఎన్‌ఏ తెగి ఉందో లేదో కనిపించదు. దానికి వేరే పరీక్ష, డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్, మేం డీఎఫ్‌ఐ అంటాం. సాధారణంగా 15 శాతం లోపు ఉంటే మంచిది, 30 దాటితే ఎక్కువ అని రాస్తారు.

నానిగాడు
అదే కదా నేను చెప్పేది, ఒక టెస్ట్ నార్మల్ వస్తే ఇంకో టెస్ట్ పుడుతుంది.

పెద్దక్క_బెజవాడ
నానీ, నీ కజిన్‌కి వేలు పోయాయని ఈ పిల్లాడి అక్క నాలుగోది కూడా పోగొట్టుకోవాలా? కాస్త ఆగు.

బాబూ పల్నాడు, ముందు ఒకటి చెప్పు. మేనరికమా? బయట సంబంధమా?

పల్నాడు_కుర్రోడు
మేనరికమే అక్కా. మా సొంత మేనత్త కొడుకు. అందుకే ఇంకా కష్టం, అటు గట్టిగా మాట్లాడితే నాన్నకీ అత్తకీ మధ్య మాటలు పోతాయి. ఊళ్ళో అందరూ మేనరికం వల్లే అంటున్నారు. అత్త మాత్రం మా ఇంట్లో అంతా మేనరికాలే, ఎవరికీ ఇలా కాలేదు అంటుంది.

పద్మ_జెనెటిక్స్
జెనెటిక్ కౌన్సెలింగ్‌లో పనిచేశాను కాబట్టి రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

మేనరికంలో భయం వేరే. ఇద్దరిలో ఒకే లోపమున్న జన్యువు దాగి ఉంటే పుట్టే బిడ్డకి రెండు వైపుల నుంచీ అదే అంది జబ్బు రావచ్చు. తొలి నెలల్లో వరసగా గర్భాలు పోవడానికి మాత్రం మేనరికమే కారణం అని చెప్పేంత గట్టి ఆధారం లేదు. కాబట్టి ఊరివాళ్ళ మాట, అత్త మాట రెండూ పక్కన పెట్టండి.

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ ఒక్కసారికి జరిగిన పొరపాటే, అమ్మ వయసు పెరిగేకొద్దీ పెరుగుతాయి. ఎవరి తప్పూ కాదు. కానీ మళ్ళీ మళ్ళీ పోతుంటే, స్వాతి గారింట్లోలా తల్లిదండ్రుల్లో ఒకరి క్రోమోజోములు అటూ ఇటూ మారి ఉండే అవకాశం చూడాలి. అలాంటి జంటలు నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉంటారు. అది భార్యలోనూ ఉండొచ్చు, భర్తలోనూ ఉండొచ్చు, అందుకే ఇద్దరి రక్తమూ తీసేది. ఉందని తేలినా కంగారు పడకండి, చాలామందికి చివరికి మామూలుగానే ఆరోగ్యంగా బిడ్డ పుడుతుంది.

డీఎఫ్‌ఐ మీద నాని గారితో నాకు సగం ఏకాభిప్రాయం. వరసగా గర్భాలు పోయే జంటల్లో మగవాళ్ళకి డీఎన్‌ఏ తెగి ఉండటం సగటున ఎక్కువగా కనిపిస్తోంది, అది చాలా అధ్యయనాల్లో వచ్చింది. ఐరోపా ఫెర్టిలిటీ డాక్టర్ల సంఘం, అదే ఈష్రే, తన కొత్త మార్గదర్శకాల్లో ఈ పరీక్షని పరిశీలించమని చెప్పింది. కానీ ఎక్కువ వస్తే ఏం చేస్తే తర్వాతి గర్భం నిలుస్తుందో చెప్పే రుజువులు ఇంకా బలంగా లేవు. కాబట్టి మొదటి రోజే ఇది రాసి ప్యాకేజీ అమ్మేవాళ్ళ దగ్గర జాగ్రత్త. ఆ మాటకొస్తే మీ అక్కకి చేసిన టార్చ్ టెస్ట్ కూడా ఈ సమస్యకి పనికిరాదు, మన దగ్గర అలవాటుగా రాసేస్తారు.

మీరు ఫైల్లో వెతకాల్సింది ఇంకోటి. ఏపీఎల్‌ఏ, అంటే రక్తం గడ్డలు కట్టించే యాంటీబాడీల కోసం చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు చేశారా? లూపస్ యాంటీకోయాగ్యులెంట్, కార్డియోలిపిన్, బీటా 2 గ్లైకోప్రొటీన్, ఈ పేర్లు ఉంటాయి. పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చేస్తేనే లెక్క. దానికి ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో నిజంగా ఫలితం ఉంటుంది.

పల్నాడు_కుర్రోడు
ఇప్పుడే అక్కకి ఫోన్ చేసి ఫైలు ఫొటోలు తీయించా. కార్డియోలిపిన్ ఒక్కటే ఉంది, నెగెటివ్. మిగతా రెండూ లేవు. కారియోటైప్ లేదు. టార్చ్ మాత్రం రెండుసార్లు చేశారు మేడమ్.

పద్మ_జెనెటిక్స్
ఊహించాను. కారియోటైప్ కోసం బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పెద్ద ప్రైవేట్ క్లినిక్‌కే వెళ్ళాలని ఏమీ లేదు. కణాలు పెంచి చూడాలి కాబట్టి రిపోర్ట్‌కి కొన్ని వారాలు పడుతుంది, తొందరపెట్టకండి.

అనామిక_2
మా ఆయన డీఎఫ్‌ఐ చాలా ఎక్కువ వచ్చింది. ఆ కాగితం ఆయన బీరువాలో నెలల తరబడి ఉంది. ఈలోపు నేను ఇంకో గర్భం పోగొట్టుకున్నాను, దానికి మళ్ళీ నన్నే అన్నారు. ఇంకేం రాయను.

పెద్దక్క_బెజవాడ
అమ్మా, నువ్వు రాయాలనిపిస్తే రాయి, లేకపోతే లేదు. ఇక్కడ ఎవరూ నిన్ను అడగరు.

దుబాయ్_శీను
నా కథ కూడా రాస్తా, మగవాళ్ళు ఎవరూ రాయట్లేదు కాబట్టి. మాది జగిత్యాల దగ్గర. కంపెనీ సెలవు రెండేళ్ళకోసారి. వచ్చిన నెల రోజుల్లోనే అంతా జరిగిపోవాలి, పక్కింటోళ్ళు కూడా క్యాలెండర్ చూస్తుంటారు. రెండు సెలవుల్లో రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయింది. మా అమ్మ నా భార్యని నడవనిచ్చేది కాదు, మెట్లెక్కితే పోతుందని.

ఇక్కడ దుబాయ్‌లోనే ఒక మలయాళీ డాక్టర్‌కి చూపించుకున్నా. ఎడమ పక్క వేరికోసిల్ అన్నాడు, వృషణం దగ్గర రక్తనాళాలు ఉబ్బి అక్కడ వేడి పెరుగుతుందట. మగవాళ్ళలో నూటికి 15 మందికి ఉంటుందట, చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. నాకు చేతికి తెలిసేంత ఉంది కాబట్టి, డీఎఫ్‌ఐ కూడా ఎక్కువ ఉంది కాబట్టి మైక్రో సర్జరీ చేయించుకున్నా. ఆయన చెప్పిన ఇంకో మాట నాకు కొత్త. నెలల తరబడి దూరంగా ఉండి వెళ్తే కణాలు లోపల నిల్వ ఉండి పాతబడతాయి, డీఎన్‌ఏ తెగడం ఎక్కువ, కాబట్టి "దాచుకుంటే బలం" అనేది ఉత్త మాట, సెలవుకి వెళ్ళాక తేదీలు లెక్కబెట్టకుండా రోజు విడిచి రోజు కలవండి అన్నాడు. ఇప్పుడు మాకు పాప. సర్జరీ వల్లా, రోజు విడిచి రోజు వల్లా, మా అమ్మ మొక్కుల వల్లా, నేనైతే చెప్పలేను.

మిర్చిబజ్జీ
శీనన్నా, ఆ మలయాళీ డాక్టర్‌కి గల్ఫ్ తెలుగోళ్ళంతా కలిసి విగ్రహం పెట్టాలి.

ల్యాబ్_రాజు
శీను గారు చెప్పింది కరెక్టే. అందుకే శాంపిల్‌కి కూడా 2 నుంచి 7 రోజుల గ్యాప్ అంటాం, కొందరు బాగా రావాలని నెల రోజులు ఆగి వస్తారు, రిపోర్ట్ ఇంకా చెడుతుంది. ఇంకోటి, వేరికోసిల్ స్కాన్‌లో మాత్రమే కనిపించి చేతికి తెలియకపోతే ఆపరేషన్ వద్దనే యూరాలజిస్టులు అంటారు. స్కాన్ రిపోర్ట్‌లో ఆ మాట కనిపించగానే థియేటర్‌కి పరిగెత్తొద్దు.

రైతుబిడ్డ_77
పల్నాడు తమ్ముడూ, మీ బావ ఏం పని చేస్తాడు? వ్యవసాయమేనా?

పల్నాడు_కుర్రోడు
అవునన్నా. మిర్చి, పత్తి. పురుగుమందు కూడా తనే కొడతాడు, కూలీలు సరిగ్గా కొట్టరని. తైవాన్ పంపు వీపుకి తగిలించుకుని లుంగీ మీద, చొక్కా కూడా లేకుండా.

రైతుబిడ్డ_77
అనుకున్నా. ఇది ఎవరూ ఎత్తలేదు. 1991లోనే ఉస్మానియా పరిశోధకులు మన పత్తి పొలాల మీద ఒక అధ్యయనం వేశారు. మందు కొట్టే మగవాళ్ళున్న జంటలు వెయ్యికి పైన, కొట్టని జంటలు ఇంకో వెయ్యి, పోల్చి చూశారు. కొట్టేది మగవాళ్ళు, కానీ గర్భాలు పోవడం వాళ్ళ భార్యల్లోనే ఎక్కువ తేలింది. ముప్పై ఏళ్ళ పైన అయింది, మా ఊళ్ళో ఒక్క మందుల షాపువాడూ, ఒక్క అధికారీ ఈ సంగతి చెప్పిన పాపాన పోలేదు. డబ్బా మీద పుర్రె బొమ్మ చూసి తాగితేనే చస్తారనుకుంటాం. చెమట పట్టిన ఒంటి మీద పడితే చర్మంలోంచే లోపలికి వెళ్తుంది. మిర్చికి వారానికోసారి కొట్టేవాళ్ళున్నారు, లెక్కేసుకో.

నానిగాడు
మా తాత కూడా జీవితమంతా మందు కొట్టాడు, ఎనిమిది మంది పిల్లలు.

రైతుబిడ్డ_77
మీ తాత కాలంలో మిర్చికి ఇన్నిసార్లు మందు కొట్టేవాళ్ళు కాదు నానీ. అయినా మీ నానమ్మకి ఎన్ని పోయాయో ఎప్పుడైనా అడిగావా?

నానిగాడు
అడగలేదు. సరే.

వెంకట్_డల్లాస్
రెండు సంగతులు. జిమ్‌లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునే తమ్ముళ్ళు ఈ థ్రెడ్ చదువుతుంటే, బయటి నుంచి హార్మోన్ వేస్తే మెదడు వృషణాలకి పంపే ఆర్డర్ ఆపేస్తుంది, కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు. మానేశాక తిరిగి రావడానికి నెలలు, కొందరికి ఏడాది పైన పడుతుంది. కండలు చూసి పెళ్ళిచూపుల్లో మురిసిపోయే మామలకి కూడా చెప్పండి.

రెండోది, "కౌంట్ పెంచే" గోళీలు. ఇక్కడ అమెరికాలో 2,370 జంటల మీద జింక్, ఫోలిక్ యాసిడ్ పరీక్షించి 2020లో ఫలితాలు వేశారు. పుట్టిన పిల్లల సంఖ్యలో తేడా లేదు, పైగా గోళీలు వేసుకున్నవాళ్ళకే డీఎన్‌ఏ తెగడం కాస్త ఎక్కువ. నెలకి మూడు వేలు పెట్టి డబ్బాలు కొనేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మిర్చిబజ్జీ
అయ్యో, మా బావ అశ్వగంధ డీలర్. ఈ పోస్ట్ ఆయనకి చూపించను.

ల్యాబ్_రాజు
మార్పు ఏదైనా, సిగరెట్ మానినా, గుట్కా మానినా, పొలంలో మందు కొట్టడం ఆపినా, మూడు నెలలు టైమ్ ఇవ్వాలి. కణం తయారవడానికే దాదాపు 74 రోజులు, బయటికి వచ్చే దారిలో ఇంకొన్ని. వారంలో మళ్ళీ టెస్ట్ చేయించుకుని ఏమీ మారలేదని తిట్టొద్దు, ప్లీజ్.

పెద్దక్క_బెజవాడ
ఇక అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. బావకి ఎవరు చెప్పాలి అని. నువ్వు చెప్పకు బాబూ. మీ అక్క కూడా చెప్పకూడదు, చెప్తే ఎదురు నింద వేస్తోంది అంటారు. డాక్టరమ్మకి ముందే ఫోన్ చేసి, "ఈసారి ఇద్దరినీ కూర్చోబెట్టి ఇద్దరికీ రాయండి" అని అడుగు. ఒకే చీటీ మీద రెండు పేర్లు ఉంటే మొగుడు చించలేడు. మీ అత్తకి మాత్రం మీ నాన్నే చెప్పాలి, చెల్లెలేగా.

పల్నాడు_కుర్రోడు
సరే అక్కా. నాన్న అంటే అత్తకి కొంచెం భయమే.

పల్నాడు_కుర్రోడు
అప్‌డేట్. పెద్దక్క చెప్పినట్టే చేశాం. డాక్టర్ గారు ఇద్దరికీ ఒకే చీటీ రాశారు. బావ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు పొద్దున్నే బండి తీసి "పద" అన్నాడు. కౌంట్ మామూలుగా ఉంది, వేరికోసిల్ లేదు, డీఎఫ్‌ఐ 34 వచ్చింది. ఇద్దరి కారియోటైప్ ఇంకా రావాలి, అక్కకి ఏపీఎల్‌ఏలో మిగతా రెండూ కూడా చేశారు, నెగెటివ్. డాక్టర్ గారు మూడు నెలలు సిగరెట్ బంద్, పొలంలో మందు కొట్టడం బంద్, ఆలోపు గర్భం రాకుండా చూసుకోండి, తర్వాత మళ్ళీ డీఎఫ్‌ఐ చేద్దాం అన్నారు. దీనివల్లే పోయాయని మాత్రం గట్టిగా చెప్పలేను అని కూడా అన్నారు, ఆ మాట నాకు నచ్చింది. బావ దారిలో ఒక్కటే అడిగాడు, "మరి మిర్చికి మందు ఎవరు కొడతారురా, ఎవరినైనా కూలీకి పెట్టేస్తే సరిపోతుందా?" అని. సరిపోతుందన్నాను.

అనామిక_2
ఆ కూలీకి పెళ్ళయిందా?

పల్నాడు_కుర్రోడు
అయింది. పోయిన ఏడాదే.

రైతుబిడ్డ_77
మీ మండలంలో డ్రోన్ తిప్పేవాళ్ళు ఉంటారు, కనుక్కో. దొరక్కపోతే కొట్టేది ఎవరైనా సరే ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, గ్లౌజులు, మాస్క్, గాలికి ఎదురు నడవకుండా కొట్టాలి, రాగానే సబ్బుతో స్నానం. ఆ బట్టలు మీ అక్క చేత్తో ఉతకొద్దు, ఇంట్లో బట్టలతో కలపొద్దు.

పల్నాడు_కుర్రోడు
ఇన్నాళ్ళూ అక్కే ఉతికేది అన్నా.

పద్మ_జెనెటిక్స్
ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. కారియోటైప్ రాగానే ఇక్కడ పెట్టండి, పేర్లు కనిపించకుండా.